రెండో గడి

నేను ఇరవై తొమ్మిదో ఏట రిటైరయ్యాను. శాలువా కప్పలేదు, ఫోటో తియ్యలేదు. పాస్టరుగారు ప్రార్థన చేశారు, వాళ్ళావిడ టీ ఇచ్చారు, నేను తాళాలగుత్తి బల్లమీద పెట్టి వచ్చేశాను. ఆరేళ్ళ ఉద్యోగం. పొందూరు చుట్టుపక్కల మూడు ఊళ్ళలో క్రైస్తవ పిల్లలకి సండే స్కూలు నడపడం, వేసవిలో పదిరోజుల తరగతులు పెట్టడం నా పని. ఇప్పుడు విజయనగరంలో ఒక టైల్స్ కొట్లో ఉన్నాను. ఇక్కడ పలక పగిలితే ఎవరు పగలగొట్టారో ఎవరూ చెప్పరు, ఎవరూ అడగరు. లారీలో వచ్చేటప్పుడే పోయిందనుకుంటారు. మనసుకి చాలా విశ్రాంతిగా ఉంటుంది.

కొత్తగా పిల్లల తరగతులు తీసుకుంటున్న తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ అప్పుడప్పుడు నాకు ఫోన్ చేస్తుంటారు. "అన్నా, పాపాలు ఒప్పుకోవడం అనే పాఠానికి నీ దగ్గర కార్డులేవో ఉండేవట కదా, ఓసారి పంపవా" అంటారు. ఉండేవి. ఒకటి ఇంకా ఉంది. పంపను. ఎందుకు పంపనో చెప్తాను.

ముందు నా జబ్బు సంగతి చెప్పాలి. ఎక్కడైనా మనుషులు గంభీరంగా ఉంటే నాకు ఊపిరాడదు. సూది పెట్టి గాలి తీసెయ్యాలి. ప్రార్థనలో ఎవరైనా వెక్కివెక్కి ఏడుస్తుంటే, "అయ్యా, దేవుడికి వినికిడి బాగానే ఉంది" అని పక్కవాడి చెవిలో అనాలి. పిల్లలకి ఇది బాగా నచ్చేది. నాకు ఉద్యోగం ఇచ్చింది కూడా ఆ నోరు చూసే. మూడు ఊళ్ళలో హాజరు రెట్టింపయిందని పాస్టరుగారు నలుగురిలో చెప్పేవారు.

ఆ నోరు నచ్చని మనిషి ఒక్కరే. నేను పుట్టకముందు నుంచీ ఆ సంఘంలో పిల్లలకి పాఠాలు చెబుతున్న ఒకావిడ. అందరూ పెద్దటీచరనేవాళ్ళు. చాపమీద పిల్లల్ని కూర్చోబెట్టి, ఒక కథ చెప్పి, ఎవరి మొహం వాడిపోయిందో చూసి, ఆ పిల్లని పక్కకి తీసుకెళ్ళి మాట్లాడేది. అంతే ఆమె విధానం. పటాలు లేవు, బొమ్మలు లేవు. నాకు అది పాతకాలం వైద్యంలా కనిపించేది, నాడి పట్టుకుని మందిచ్చినట్టు.

అది రెండువేల పదిహేనో పదహారో. ఏడాది సరిగ్గా గుర్తులేదు, మిగతాదంతా గుర్తుంది. మే నెల. వేసవి తరగతుల్లో నాలుగో రోజు పాఠం దేవుడి దగ్గర తప్పు ఒప్పుకోవడం, అయిదో రోజు పాఠం మనుషుల దగ్గర ఒప్పుకోవడం. దానికోసం నేను కార్డులు తయారుచేశాను. చిన్న అట్టముక్క, పైన పిల్ల పేరు, కింద రెండు గడులు. మొదటి గడి: దేవుడికి చెప్పాను. అక్కడ పిల్లలే టిక్కు పెట్టుకోవాలి, ఎందుకంటే దేవుడి సంతకం తెప్పించడం నా పరిధిలో లేదు. రెండో గడి: ఎవరికి తప్పు చేశానో వారికి చెప్పాను. అక్కడ ఆ మనిషి సంతకం ఉండాలి. రెండూ నిండితే గోడమీది పట్టికలో ఆ పిల్ల పేరు పక్కన ఊదారంగు సిరాతో నక్షత్రం ముద్ర వేస్తాను. ఆ ముద్ర, స్టాంపు ప్యాడూ ఎప్పుడూ నా సంచీలోనే ఉండేవి. చివరి రోజు నక్షత్రాలున్న వాళ్ళందరినీ వేదిక ఎక్కించి, తల్లిదండ్రుల చేత చప్పట్లు కొట్టించి, టిఫిను బాక్సులివ్వాలని పథకం.

పెద్దటీచరు కార్డు తీసుకుని వెనక్కి తిప్పి చూసింది.

"ఎనకాల ఏటీ లేదేటి?"

"వెనకాల ఏముండాలి టీచర్?"

"ఇన్నోళ్ళు ఏటి సెయ్యాలో. గుంటలకి సెప్పమని నేర్పుతన్నావు, బాగున్నాది. ఇన్నోళ్ళకి ఎవులు నేర్పుతారు?"

"వినేవాళ్ళకి వచ్చే ఏడాది పెడదాం టీచర్. ముసలివాళ్ళ వేసవి తరగతులు."

ఆమె నవ్వలేదు. ఆమె వంతు కూడా నేనే నవ్వాను.

కార్డులు చేతికొచ్చాక పిల్లలకి పాపాలు చాల్లేదు. టిఫిను బాక్సు కోసం ఊరంతా తిరిగి తప్పులు వెతుక్కున్నారు. ఇద్దరు అక్కాచెల్లెళ్ళు గుడి దగ్గర నాదస్వరం వాయించే పెద్దాయన ఇంటికెళ్ళి, పోయిన ఏడాది పెళ్ళి ఊరేగింపులో ఆయన ఎదురుగా నిలబడి చింతకాయ చప్పరించింది తామేనని చెప్పారు. ఆయన కళ్ళజోడు పెట్టుకుని ఇద్దరి కార్డులమీదా అందంగా సంతకం చేసి, "నాకు అప్పుడే తెలుసు. మూడో కీర్తన సగంలో మింగీసినాను మీ వల్లే. పెళ్ళికొడుకు తండ్రి ఇప్పటికీ అడుగుతుంటాడు" అన్నాడట. ఇంకొక పిల్ల చేసిన తప్పేమీ దొరక్క, ఎదురింటివాళ్ళ ములక్కాడ ఒకటి ఆ పొద్దునే తెంపి, మధ్యాహ్నం వెళ్ళి ఒప్పుకుని వచ్చింది. నేను పడీపడీ నవ్వాను. పాఠం బ్రహ్మాండంగా వెళ్తోందనుకున్నాను.

ఇప్పుడు ఒక ఇంటి గురించి చెప్పాలి. మా ప్రార్థనమందిరం ఉన్న వీధిలోనే ఆ ఇల్లు. ఒక నాయనమ్మ, ఆమె ఇద్దరు కొడుకులు, కోడళ్ళు, పెద్దకొడుకు కూతురు. పిల్లకి పదేళ్ళు, అయిదో తరగతి అయిపోయింది. నాయనమ్మ నూలు వడికేది. ఆ ప్రాంతంలో సన్ననూలుకి పత్తిని దువ్వేది వాలుగ చేప దవడతో. ఆ చేప పళ్ళంత సన్నంగా, దగ్గరగా మనిషి చేసిన దువ్వెన ఏదీ ఉండదని వడికేవాళ్ళంటారు. మంచి దవడ దొరకడం కష్టం. దొరికాక అది చేతికి అలవాటు కావడానికి ఇంకా కొన్ని నెలలు. అలా చేతికి కుదిరిన దవడ ఒకటి ఆ జనవరిలో రెండు ముక్కలై గూట్లో కనిపించింది.

ఎవరు విరగ్గొట్టారని ఇంట్లో అడిగితే, చిన్నకోడలు అని పిల్ల చెప్పింది. పిల్ల ఆమెని పిన్నీ అని పిలిచేది. పిన్ని కాదంది. అత్తాకోడళ్ళకి ముందునుంచీ పడదు. ఆ పూట పిన్ని మొగుడు, అంటే పిల్లకి చిన్నాన్న, అక్కడే కూర్చుని కాలిగోళ్ళు చూసుకున్నాడు. "అయితే మీ పుట్టింటికి ఎల్లి అలాటిదొకటి అట్టుకొని రా, అప్పుడు గడప తొక్కు" అంది నాయనమ్మ. పిన్ని పుట్టిల్లు నరసన్నపేట. వెళ్ళింది. మూడో రోజు తిరిగొస్తుంటే హైవే మీద ఆటోని లారీ గుద్దేసింది. భుజాన ఉన్న సంచీలో పాతగుడ్డలో చుట్టిన కొత్త దవడ దొరికింది. దానికి ఒక్క పన్ను కూడా విరగలేదు.

సమాధి రోజు నేను అక్కడే ఉన్నాను, పాట ఎత్తుకున్నది నేనే. నాయనమ్మ ఆ రోజు ఒకటే మాట పదేపదే అంది. "నానే ఇరగ్గొట్టినానని ఒక్క మాట ఒప్పీసుకుంటే పంపుదునా. ఒక్క మాట." ఊరంతా ఆ మాటని నమ్మింది. నమ్మడానికి సౌకర్యంగా ఉంది మరి. పోయినావిడ ఎదురు చెప్పదు.

అయిదో రోజు తరగతిలో నేను చేసిన పని ఇది. మనుషుల దగ్గర ఒప్పుకోవడం ఎందుకు ముఖ్యమో చెబుతూ, "నేనే చేశాను అనే ఒక్క మాట నోట్లోంచి రాకపోతే ఎంత కీడు జరుగుతుందో మొన్న మన వీధిలోనే చూశాం కదా" అన్నాను. పేరు చెప్పలేదు. అక్కడ చెప్పక్కర్లేదు. పిల్లలందరూ తలలాడించారు. మూడో వరసలో ఆ పిల్ల కూర్చుని ఉంది.

తరగతి అయ్యాక ఆమె నా దగ్గరికొచ్చి నిలబడింది. చేతిలో కార్డు. మొదటి గడిలో టిక్కు ఉంది, గట్టిగా దిద్ది దిద్ది అట్ట చిరిగేలా పెట్టిన టిక్కు.

"సార్, ఎవరికి సెప్పాలో ఆ మనిసి ఊర్లో లేకపోతే ఏటి సెయ్యాలి?"

"ఫోన్ చెయ్యి."

"ఫోన్ లేని దగ్గరుంటే?"

"ఉత్తరం రాయి."

"రాసినా అందకపోతే?"

"అయితే ఆ పాపం పోస్టుమాన్ది, నీది కాదు. ఆయన్ని సంతకం అడుగు."

చుట్టూ ఉన్న పిల్లలు పగలబడి నవ్వారు. ఆమె కూడా నవ్వింది, మర్యాదకి. ఆ ఉద్యోగంలో నేను వేసిన జోకులు కొన్ని వందలుంటాయి. తీసెయ్యగలిగితే అదొక్కటి చాలు.

మరి రెండు రోజులకి గోడమీది పట్టికలో అందరి పేర్ల పక్కనా నక్షత్రాలొచ్చాయి, ఆమె పేరు పక్కన తప్ప. తెల్లటి పట్టికలో ఆ ఖాళీ గడి ఊడిన పన్నులా కనిపించేది. నేను ఊరుకోవచ్చు. ఊరుకోలేదు. "ఏం తల్లీ, అంత పెద్ద నేరమా? రైలుగానీ పడగొట్టావా?" అని అందరిలో అడిగాను. ఎనిమిదో రోజు పెద్దటీచరు నన్ను వరండాలో ఆపింది.

"ఆ గుంట రెండ్రోజుల్నుంచి అన్నం ముట్నేదంట. ఆల్లమ్మ సెప్పినాది. ఏటో కనుక్కో."

"ఈ ఎండలకి ఎవరు తింటున్నారు టీచర్. నేనూ తినట్లేదు."

ఆమె నా పొట్టవైపు చూసి వెళ్ళిపోయింది. ఆ సాయంత్రం తనే పిల్ల ఇంటికి వెళ్ళిందట. పిల్ల తలుపు చాటునుంచి రాలేదట.

చివరి రోజు సాయంత్రం మందిరం ముందు షామియానా వేశాం. ప్లాస్టిక్ కుర్చీల్లో పెద్దవాళ్ళు కూర్చున్నారు. మైకు కాసేపు కూసి, కాసేపు ఊరుకుని, చివరికి మా దారికొచ్చింది. నక్షత్రాల పిల్లలు ఒక్కొక్కరే వేదిక ఎక్కి, ఏ తప్పు ఎవరి దగ్గర ఒప్పుకున్నారో ఒక వాక్యంలో చెప్పడం, జనం చప్పట్లు కొట్టడం. చింతకాయకి చప్పట్లు. ములక్కాడకి ఈలలు. నాదస్వరం పెద్దాయన కూడా వెనకాల నిలబడి చూస్తున్నాడు, తన పేరు వచ్చినప్పుడు చెయ్యెత్తాడు. అంత సరదాగా ఉంది.

ఆ పిల్లకి నక్షత్రం లేదు కాబట్టి నేను పెద్ద మనసు చేసుకుని కంఠత పట్టిన బైబిలు వాక్యం అప్పజెప్పే అవకాశం ఇచ్చాను. ఆమె వచ్చి మైకు పట్టుకుంది. వాక్యం చెప్పలేదు. రెండో వరసలో కూర్చున్న నాయనమ్మ వైపు చూసింది.

"నానమ్మా, దవడ పిన్ని ఇరగ్గొట్టలేదు. నానే ఇరగ్గొట్టినాను. ఆడుకుంటంటే ఇరిగిపోనాది. కొడతావని పిన్ని మీద సెప్పీసినాను. పిన్ని ఒప్పుకోలేదంటే, తను సెయ్యలేదు గనక ఒప్పుకోలేదు."

తర్వాత జరిగింది చెప్పడానికి నాకు ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది. జనం చప్పట్లు కొట్టారు. అందరూ కాదు, వెనక వరసల్లో పది పన్నెండు మంది. వాళ్ళని అని లాభం లేదు. పొద్దుగూకేదాకా అదే అలవాటు చేశాను వాళ్ళకి. పిల్ల ఒప్పుకుంది, చప్పట్లు కొట్టాలి. ముందువరసల వాళ్ళు వెనక్కి తిరిగి చూడగానే ఆ చేతులు ఒక్కొక్కటే ఆగిపోయాయి. ఆఖరి చప్పుడు ఒక్కటీ విడిగా వినిపించింది.

చిన్నాన్న లేచాడు. కుర్చీ వెనక్కి పడింది. ఎవర్నీ చూడకుండా షామియానా దాటి రోడ్డెక్కి వెళ్ళిపోయాడు. నాయనమ్మ కొంగు నెత్తిమీదుగా ముఖం మీదకి లాక్కుని అలాగే ఉండిపోయింది. పాస్టరుగారు మైకు తీసుకుని ప్రార్థన చేద్దామన్నారు. పెద్దటీచరు వేదికెక్కి పిల్లని తన పమిటలోకి తీసుకుని కిందికి దింపింది. నేనేం చేశానంటే, పులిహోర పొట్లాలు పంచాను. ఎవరో పొట్లం అందుకుంటూ "చట్నీ లేదేటి" అన్నారు. లేదన్నాను.

పాస్టరుగారు చెడ్డమనిషి కాదు. మర్నాడు నేను వెళ్ళి తప్పు నాదేనంటే, "నువ్వేం చేశావయ్యా, పిల్ల సత్యం చెప్పింది, పాఠం ఫలించింది" అన్నారు. తర్వాత ఒకటి రెండు సభల్లో ఈ సంగతే సాక్ష్యంగా చెప్పారు. ఆ కథలో పిల్ల ఒప్పుకోగానే ఇంటిల్లిపాదీ కౌగిలించుకుని ఏడ్చారు. ఎంత బాగా చెప్పారంటే, నేనే ఒక క్షణం అలా జరిగిందేమో అనుకున్నాను.

జరిగింది వేరు. ఆ ఇంట్లో పిల్లని ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. మాట్లాడలేదు. చిన్నాన్న బట్టలు సర్దుకుని విశాఖలో ఏదో పనికి పోయాడు. నాయనమ్మ రాట్నం మూలన పెట్టేసింది. జూన్‌లో బడి తెరిచేసరికి పిల్లని ఆరో తరగతికి విజయనగరం అవతల ఎక్కడో హాస్టల్లో పడెయ్యాలని తండ్రి తిరుగుతున్నాడు. ఇదంతా పెద్దటీచరు చెబుతుంటే నాకొకటి తట్టింది. ఆ ఇంట్లో ఏ తప్పుకైనా ఒకటే శిక్ష, గడప దాటించడం. మొదటిసారి చెయ్యని తప్పుకి వేశారు. ఇప్పుడు చేసిన తప్పుకి వేస్తున్నారు. న్యాయం మెరుగైందనే చెప్పాలి.

"నేను వెళ్ళి వాళ్ళ నాన్నతో మాట్లాడనా టీచర్?"

"ముందు నీ కార్డు నింపు," అంది పెద్దటీచరు. "ఆనక ఊరోల్లకి నేర్పుదువు గానీ."

మర్నాడు పొద్దున్న వెళ్ళాను. పిల్ల పెరట్లో పీటమీద కూర్చుని పత్తిలో గింజలు ఏరుతోంది. వడికేవాళ్ళు లేకపోయినా ఏరుతోంది, ఎవరూ వద్దని చెప్పలేదు కాబట్టి. నేను ఎదురుగా కింద కూర్చున్నాను.

"ఆ రోజు తరగతిలో మీ పిన్ని సంగతి చెప్పాను. ఒప్పుకోలేదు కాబట్టి కీడు జరిగిందన్నట్టు చెప్పాను. అది తప్పు. నువ్వొచ్చి అడిగినప్పుడు నేను వినకుండా నవ్వించాను. అదీ తప్పు."

"మీకు తెల్దు కదా సార్."

"తెలియనప్పుడు నోరు మూసుకోవాలి."

ఆమె కాసేపు గింజలు ఏరింది. "నాను సంతకం పెట్టాలా సార్?" అంది.

వెటకారం కాదు. నిజంగానే అడిగింది. నా పాఠం ఆమెకి వచ్చినంత బాగా ఇంకెవరికీ రాలేదు.

"నా దగ్గర కార్డు లేదు," అన్నాను. తర్వాత అనాలనుకుని సిద్ధం చేసుకున్నది అన్నాను. "చూడు, ఆటోని గుద్దింది లారీ. ఆ డ్రైవరు నిన్ను అడిగి నడపలేదు. నువ్వు అబద్ధం చెప్పావు, అంతవరకే నీది."

"పిన్ని ఆటో ఎందుకెక్కినాది సార్?"

 దీనికి సమాధానం మీలో ఎవరికైనా దొరికితే చెప్పండి.

నాయనమ్మ గుమ్మంలో నిలబడి ఎంతసేపటినుంచి వింటోందో తెలీదు. నేను లేచి ఆమెకీ అదే చెప్పాను, పోయినావిడ పేరుమీద పాఠం చెప్పిన సంగతి. ఆమె వింది. "నాను సెప్పిన మాటే కదా నువ్వు సెప్పినావు. సమాధి కాడ నానే కదా అన్నాను," అంది. తర్వాత లోపలికెళ్ళి, మేకుకి వేలాడుతున్న చిన్న మూట తెచ్చింది. పాతగుడ్డలో చుట్టిన దవడ. జనవరినుంచి అది అక్కడే ఉంది. ఆమె దాన్ని విప్పనుకూడా లేదు, పక్కింటావిడ దవడ అడిగి తెచ్చుకుని దువ్వుకునేది.

"నన్ను నరసన్నపేట అట్టుకెల్తావేటి బాబూ? ఆల్లమ్మకి సెప్పాల."

శ్రీకాకుళం దాకా ఒక బస్సు, అక్కడినుంచి ఇంకో బస్సు. హైవే ఎక్కాక ఆమె కిటికీవైపు చూడలేదు, ఒళ్ళో మూట చూసుకుంటూ కూర్చుంది. నరసన్నపేటలో దిగాక నేను అలవాటుగా ఆటో పిలవబోయాను. "ఆటో వద్దు," అంది. ఎండలో నడిచాం. మామూలుగా అయితే అంత దూరం నేను మాట్లాడకుండా నడిచే మనిషిని కాను.

పిన్ని వాళ్ళమ్మ వరండాలో మినుములు చెరుగుతోంది. మమ్మల్ని చూసి లేవలేదు. నాయనమ్మ మెట్టుదగ్గరే ఆగి, నిలబడే చెప్పింది.

"వదినా, నీ కూతురు దవడ ఇరగ్గొట్టలేదు. నా మనవరాలు ఇరగ్గొట్టి దానిమీద సెప్పినాది. నీ కూతురు కాదంటే నాను నమ్మలేదు. నానే పంపినాను."

చేట ఆగింది.

"నాకు తెలుసు," అంది ఆమె. "అమ్మా, నాను ఇరగ్గొట్టలేదు అని ఆరోజే సెప్పినాది. నాను నమ్మినాను. నమ్మి ఏటి సేసినాను? పోనీలే తల్లీ, గొడవెందుకు, కొత్తదొకటి అట్టుకొని ఎల్లిపో అన్నాను. నానే ఎతికి కొన్నాను. నానే ఆటో ఎక్కించినాను."

నాయనమ్మ మూట ముందుకి చాపింది. ఆమె దానివైపు చూసింది గానీ ముట్టుకోలేదు.

"అది నాకెందుకు? నాను వడుకుతానేటి? నీకోసం అట్టుకొచ్చినాది కదా. వాడుకో."

ఎవరైనా కోపంగా అంటే తట్టుకోవచ్చు. ఆమె మామూలుగా అంది. తర్వాత లోపలికెళ్ళి రెండు గ్లాసులతో మంచినీళ్ళు తెచ్చింది. తాగాం. క్షమించానని ఆమె అనలేదు, మేం అడగలేదు. చేట చప్పుడు మళ్ళీ మొదలయ్యాక లేచి వచ్చేశాం.

తిరుగుబస్సులో శ్రీకాకుళం దాటాక నాయనమ్మ నోరు విప్పింది. "ఆ గుంటని హాస్టల్కి పంపను. మా పెద్దోడికి సెప్పీ. ఇంట్లోంచి ఒకర్తిని పంపినాను, సాలు."

నేనే చెప్పాను. జూన్‌లో పిల్ల ఊరి హైస్కూల్లోనే ఆరో తరగతిలో చేరింది. చిన్నాన్న మాత్రం తిరిగి రాలేదు, నేను అక్కడున్నంత కాలం.

బడి తెరిచిన వారానికి కాబోలు, నేను ఆ ఇంటికి వెళ్ళాను. నాయనమ్మ వాకిట్లో కూర్చుని పత్తి దువ్వుతోంది. చేతిలో ఆ కొత్త దవడ. ఇంకా చేతికి అలవాటు కాలేదని తెలుస్తోంది, నాలుగు దువ్వులకోసారి ఆగి పట్టు మార్చుకుంటోంది. పిల్ల పక్కన కూర్చుని దువ్విన పత్తి అందుకుంటోంది. ఇద్దరూ మాట్లాడుకోవడం లేదు, కానీ ఒకే పని చేస్తున్నారు.

"ఒలే, ఆ అట్టముక్క ఏదే? అట్టుకొని రా," అంది నాయనమ్మ. పిల్ల లోపలినుంచి కార్డు తెచ్చింది. నాయనమ్మకి సంతకం రాదు. నేను సంచీలోంచి స్టాంపు ప్యాడు తీశాను. ఆమె బొటనవేలు ఊదా సిరాలో అద్ది, రెండో గడిలో నిదానంగా నొక్కింది. వేలికి అంటుకున్న పత్తి పోగు ఒకటి ముద్రలో ఇరుక్కుపోయింది.

"ఇది మైకులో సెప్పినప్పుడే ఎయ్యాల్సింది," అంది. "నాది నాను సెప్పకుండా దీనిది ఎలాగ ఇంటాను?"

పెద్దటీచరు ఆ అట్ట వెనకాల ఏమి రాయాలందో నాకు అప్పటికి అర్థమైంది. ఉద్యోగం ఇంకో ఏడాది చేశాను. కార్డులు మళ్ళీ వెయ్యలేదు, నక్షత్రాలు ఆపేశాను, పిల్లల చేతికి మైకు ఇవ్వలేదు. ఎవరి మొహం వాడిపోయిందో చూసి పక్కకి తీసుకెళ్ళి మాట్లాడటం మొదలుపెట్టాను. పిల్ల ఎవరికైనా చెప్పాలంటే ముందు నేను వెళ్ళి ఆ మనిషితో కూర్చునేవాణ్ణి. హాజరు సగానికి పడిపోయింది.

నాయనమ్మ వేలిముద్ర వేసిన రోజు నేను బండి తియ్యబోతుంటే పిల్ల నా వెనకే వీధిలోకి వచ్చింది. కార్డు నా చేతికిచ్చింది.

"ఇది మీరే ఉంచండి సార్."

"ఏం? నానమ్మ వేలిముద్ర వేసిందిగా."

"ఎవరికి తప్పు సేసినామో ఆళ్ళ సంతకం ఉండాలన్నారు కదా. ఇది నానమ్మది. పిన్నిది కాదు."

నేను కార్డు చొక్కాజేబులో పెట్టుకున్నాను. బండి స్టార్టవడానికి నాలుగు కిక్కులు పట్టింది. ఆ నాలుగు కిక్కులసేపూ ఆమె అక్కడే నిలబడి, నేనేమైనా అంటానేమోనని నా నోటివైపే చూసింది.